పాలమూరు, నల్లగొండ బడులలో కదలు బొమ్మల చదువు

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలుకొని ఒక సంవత్సరకాలము మహబూబునగరు జిల్లాలోని కొన్ని పల్లెల బడిపిల్లలు ఆకాశమునుండి దిగివచ్చిన పాఠములను చూచిరి. పట్టణములయందు సైతము టెలివిజను పెట్టె వింతవస్తువుగా నుండిన దినములవి. అమెరికావారి ఏ.టి.యస్.-6 అను ఉపగ్రహమును మన దేశము ఎరువు తెచ్చుకొని ఆరు రాష్ట్రములలో, ఇరువది జిల్లాలలో, సుమారు 2,400 గ్రామములకు నేరుగా బొమ్మలను పంపెను. ఆంధ్రప్రదేశమున నందుకు ఎన్నుకొనబడినవి మహబూబునగరు, కర్నూలు, మెదకు, హైదరాబాదు జిల్లాలు. తీగవలతో అల్లిన పది అడుగుల పళ్లెము ఒకటి, దాని క్రింద ఒక పెట్టె, ఆ పెట్టె యెదుట నేలమీద పిల్లలు. ఉదయపువేళ గంటన్నర కాలము బడిపాఠములకు కేటాయింపబడెను. హిందీ, కన్నడము, ఒడియా, తెలుగు భాషలకు తలా ఇరువదిరెండున్నర నిమిషములు. తెలుగు పాఠములను హైదరాబాదులోనే తయారు చేసిరి. నల్లగొండ జిల్లా కా భాగ్యము కలుగలేదు.

1976 జూలై 31వ తేదీతో గడువు తీరెను. ఎరువు తెచ్చిన ఉపగ్రహమును దాని సొంతదారులు మరలించుకొనిరి. మరుసటి సంవత్సరము హైదరాబాదునకు దూరదర్శన కేంద్రము వచ్చినమాట నిజమే కాని, పల్లెబడిని ఉద్దేశించి, పల్లెబాలుని యీడు నెరిగి, వాని భాషలో ప్రతిదినము పాఠము పంపవలెనన్న ఆ మొదటి పట్టుదల మరల కనబడుటకు చాలకాలము పట్టెను. ఆ ప్రయోగ ఫలితములను పరిశీలించినవారు, బడిలో చేరువారి సంఖ్యయందుగాని నడుమ మానివేయువారి సంఖ్యయందుగాని చెప్పుకోదగిన మార్పు లేదనియు, పిల్లల భాషాసామర్థ్యమునందు మాత్రము మేలు కనబడెననియు తేల్చిరి. ఈ రెండు మాటలను చదువరులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. బొమ్మ బడిని నిలబెట్టదు. నిలబడిన బడికి అది పనికివచ్చును.

నేడు యంత్రమునకు కొదువ లేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లో టి-శాట్ అను పేర విద్యకు, వృత్తిశిక్షణకు వేరువేరు ప్రసారములను ఏర్పరచెను. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు సెప్టెంబరు 1వ తేదీనుండి పాఠములు టి-శాట్ ద్వారమునను, దూరదర్శన్ యాదగిరి ద్వారమునను ఇండ్లకు చేరినవి. పాఠ్యపుస్తకముల పుటలలో నలుపు తెలుపు గడుల ముద్రలు వచ్చినవి. ఫోనును వాటికి చూపినచో బొమ్మపాఠము తెరచుకొనును. 2022 మార్చి 8వ తేదీన ‘మన ఊరు - మన బడి’ అను పథకమును పాత మహబూబునగరు జిల్లాలోని వనపర్తియందే ప్రారంభించిరి. అందు తలపెట్టిన పనులలో మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరీగోడలతో పాటు తెరలుగల తరగతిగదులు కూడ నున్నవి. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యత నూటికి 55 మాత్రమేయై తెలంగాణ జిల్లాలన్నిటికంటె వెనుకబడిన జిల్లా మహబూబునగరు. అట్టి చోటికి తెర వచ్చుట శుభమే. అయితే ఆ తెరమీద ఏమి కదలవలెను? మేము విచారింపదలచినది ఈ ప్రశ్నను.

పిల్లలకు బొమ్మ కదలించి కథ చెప్పుట మనకు పరదేశమునుండి వచ్చిన విద్య కాదు. తోలుబొమ్మలాటగాడు దీపము వెనుక నిలిచి లంకాదహనమును చూపినాడు. తెలంగాణమున కులపురాణములు చెప్పువారు మూరల కొలది పటమును చుట్టచుట్టి భుజమున వేసికొని ఊరూర తిరిగి, దానిని మెల్లమెల్లగా విప్పుచు, కర్రతో ఒక్కొక్క బొమ్మను చూపుచు రాత్రులు గడపినారు. చేర్యాల పటములు ఆ సంప్రదాయమునకు చెందినవే. ఇందొక సంగతి గమనింపదగినది. పటము విప్పువాడు తొందరపడడు. ఎదుట కూర్చున్నవాడు ‘ఆగుమయ్యా, ఆ గుఱ్ఱము మీది వాడెవడు?’ అని అడిగినచో ఆగును. బదులు చెప్పిన పిమ్మటనే చుట్ట మరియొక మూర విప్పును. నేటి తెరబొమ్మ ఆగదు. దానిని ఆపవలసినవాడు పంతులు. కాని పాఠము మొదలిడి తాను మరియొక గదికి పోవు పంతుళ్లు లేకపోలేదు.

ఈ విషయమై పాశ్చాత్య పండితులు చేసిన పరిశోధనలు మన ఉత్సాహమును కొంత అదుపులో పెట్టవలసినవే. 2002లో బార్బరా త్వెర్‌స్కీయు, ఆమె తోడి పరిశోధకులును అప్పటివరకు జరిగిన పరీక్షలను తరచి చూచి, కదలు బొమ్మ నిలుకడ బొమ్మకంటె మేలైనదని చెప్పుటకు తగిన నిదర్శనము దొరకలేదనిరి. బొమ్మ వేగముగా సాగిపోవుటచేత చూచువాని మనస్సు దానిని పట్టుకొనలేకపోవుట యొక కారణమని చెప్పిరి. 2005లో రిచర్డ్ మేయరు మెరుపు పుట్టుట, సముద్రపు అలలు, మోటారు బ్రేకు మొదలగు విషయములను కొందరికి కదలు బొమ్మలతోను, కొందరికి కాగితముమీది బొమ్మలతోను నేర్పి చూచెను. కాగితపు బొమ్మలవారు ఎక్కడను వెనుకబడలేదు, కొన్నిచోట్ల ముందుండిరి. మరి 2007లో ఇరువదియారు అధ్యయనములను కలిపి లెక్కించిన జర్మను పండితులు, మొత్తముమీద కదలు బొమ్మ వలన కొంత లాభమున్నదనియే తేల్చిరి. ఈ మాటలలో విరోధము పైకి కనబడునంత లేదు. ఏ విషయమునకు, ఎంత వేగముతో, ఎవరి చేతిలో అన్నదానినిబట్టి లాభనష్టములుండును. అలవోకగా కంటికి కనబడుదానిని కదలించి చూపుట వృథా. కన్ను పోలేని చోటికి కొనిపోవుటయే దానికి తగిన పని.

నల్లగొండ పానగల్లున ఛాయాసోమేశ్వరాలయ మున్నది. అందలి యొక గర్భగుడిలో స్తంభమువంటి నీడ యొకటి పగలెల్ల చెదరక నిలిచియుండును. వెలుగు ఒక్క దిక్కునుండి గాక పలుప్రక్కలనుండి ముందరి స్తంభముల మీదుగా లోపలికి చేరుట దీనికి కారణమని తెలిసినవారు చెప్పుచున్నారు. దీనిని పిల్లలకు తెలుపుటకు తెర యెందుకు? ఒక అట్టపెట్టె, నాలుగు కర్రపుల్లలు, రెండు దీపములు చాలును. పిల్లవాడు తన చేతితో దీపమును జరిపి నీడను చూచుకొనును. ఇట్టి వానికి వేలరూపాయలు పోసి బొమ్మలు చేయించుట మాకు సమ్మతము కాదు.

కాలమును, లోతును చూపవలసివచ్చినప్పుడు మాత్రము అట్టపెట్టె చాలదు. ఈ రెండు జిల్లాల నేలకు ఆధారమైన రాయి మన చదువరులకు క్రొత్తది కాదు. భువనగిరి కోటను మోయుచున్న ఏకశిల, దేవరకొండ గుట్టలు, రాచకొండ బండలు, పాలమూరు చెలకల నడుమ ఒకదానిమీదనొకటి పేర్చినట్లు నిలిచిన గుండ్లు, ఇవి యన్నియు ఆ కుటుంబమువే. భీముడు పేర్చెననియు, రాక్షసులు బంతులాడిరనియు పెద్దలు చెప్పుదురు. భూగర్భశాస్త్రము చెప్పు కథ అంతకంటె వింతైనది. సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట కరిగిన శిల భూమి లోతున మెల్లమెల్లగా చల్లారి గట్టిపడెను. పైనున్న మైళ్ల మందపు నేల వానకు, గాలికి, ఎండకు అరిగి పోయెను. బరువు తొలగినకొలది రాయి బీటలువారెను. బీటలవెంట నీరు దిగి ముందుగా అంచులను, మూలలను తినివేసెను. చదరపు దిమ్మెలు మట్టిలోపలనే గుండ్రనివాయెను. చుట్టునున్న మెత్తని మొరము కొట్టుకొనిపోగా గుండ్లు మాత్రము ఒకదానిపై నొకటి మిగిలెను. ఈ వాక్యములను పలకమీద వ్రాయించినచో పిల్లవాడు వల్లించునే గాని చూడలేడు. రెండు నిమిషముల బొమ్మలో చూచినచో, మరునాడు ఊరి బయటి గుట్టదగ్గర నిలిచి, ఏ గుండు ఇంకను మట్టిలోనే యున్నదో, ఏది అప్పుడప్పుడే తల యెత్తుచున్నదో తానే చూపగలడు.

కాలము సంగతి యింతకంటె కష్టము. 250 కోట్లు అనగా పిల్లవానికేమి తెలియును? మనకు మాత్రమేమి తెలియును? మేమొక లెక్క కట్టి చూచితిమి. ఆ రాయి పుట్టిన దినమును జనవరి 1గా నెంచి, నేటిని డిసెంబరు 31 అర్ధరాత్రిగా నెంచుదము. దక్కను పీఠభూమిమీద లావా పొంగి పొరలుపొరలుగా పరచుకొనినది 6.6 కోట్ల యేండ్ల క్రిందట. మన పంచాంగములో అది డిసెంబరు 22వ తేదీ. మానవజాతి పుట్టుక చివరి దినము రాత్రి పదునొకండు గంటల వేళ. ఇక్ష్వాకులు కృష్ణయొడ్డున విజయపురి నేలిన కాలము అర్ధరాత్రికి ఇరువది సెకండ్లకు కొంచెము ముందు. ఇట్టి పంచాంగమును కదలు బొమ్మగా చేసినచో, ఊరక తిరుగు గడియారపు ముల్లును చూచి విసిగిపోవుటకూడ పాఠములో భాగమగును. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో ఏమియు జరుగనట్లుండుట చూచి పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు.

ఆ డిసెంబరు 22వ తేదీకి మన జిల్లాలోనే సాక్ష్యమున్నది. పాత మహబూబునగరు జిల్లాకు పడమటి అంచున, కొడంగల్ ప్రాంతమున, నల్లరాతి పొరలు కనబడును. నేడు సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనియున్న దక్కను లావాకు అవి తూర్పు కొసలు. దాని ప్రక్కనే, ఇండ్లకు పరచుకొను తాండూరు బండలనిచ్చు సున్నపురాతి పొరలు. అవి యొకప్పటి సముద్రపు అడుగున పేరుకొనినవి. తూర్పున నల్లమల అంచున అమ్రాబాదు మిట్ట, కోట్లకొలది యేండ్లనాటి ఇసుక గట్టిపడి యేర్పడిన రాయి. ఇన్ని కథలు కాళ్లక్రింద పెట్టుకొని, మా కంటబడినంతవరకు, బడితెరమీద చూపబడు అగ్నిపర్వతములు ఇటలీవి, హవాయి ద్వీపములవి, జపానువి. అవి చూపరాదని మేమనము. కాని కొడంగల్ పిల్లవాడు తన యింటి అరుగురాయి సముద్రమున పుట్టినదనియు, తన చేని నల్లరాయి అగ్నిలో పుట్టినదనియు తెలియక వెసూవియసు పేరు వల్లించుట విద్య యనిపించుకొనునా?

ఇక చరిత్ర. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో పురాతత్త్వశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున త్రవ్వకములు జరిపిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు సాగరు ఆనకట్టకు పునాదిరాయి వేసియుండిరి. త్రవ్వువారికి వెనుకనుండి నీరు తరుముచుండెను. మూడు, నాలుగు శతాబ్దములనాటి ఇక్ష్వాకుల రాజధాని, విహారములు, చైత్యములు, మెట్లు గట్టిన వినోదరంగస్థలము, నదికి దిగు ఘట్టములు బయల్పడినవి. కొన్నిటిని కొండమీదికిని, అనుపు గ్రామమునకును చేర్చి నిలిపిరి. ఎడమ యొడ్డున, నల్లగొండ జిల్లా ఏలేశ్వరమునకును అదే గతి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. మిర్యాలగూడ, హుజూర్‌నగరు రైతుల గరిసెలు నిండినవి. అది కాదనువాడు కృతఘ్నుడు. అయినను ఎడమకాలువ క్రింద వరి నాటుచున్న రైతుబిడ్డకు, తన మడికి వచ్చు నీటి అడుగున ఏ పట్టణమున్నదో చూచు హక్కు లేదా? లోయలోనికి పోవుటకు ఇక దారి లేదు. త్రవ్వినవారు గీసిన పటములు, తీసిన ఛాయాచిత్రములు, కొలతలు మాత్రము భద్రముగా నున్నవి. ఆ లోయను మరల నీటిపైకి లేపగలది కదలు బొమ్మ యొక్కటే. యాత్రకు కొనిపోవుటకు వీలున్నచోట బొమ్మ రెండవపక్షము. ఇచట అదియే మొదటిపక్షము.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధశిల్పములను 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నుంచిరి. అచటి పిల్లలు బారులు తీరి చూచియుందురు. ఫణిగిరి గుట్టకు ఇరువది మైళ్ల లోపలనున్న బడులలో ఎన్నిటికి ఆ తోరణపు బొమ్మ ముట్టినదో జిల్లా విద్యాధికారులు విచారించినచో మేలు.

బొమ్మలో నొక మోసము కలదు. అచ్చుపుటలో ‘బహుశః’ అను మాట యుండును. తెరమీద ‘బహుశః’ లేదు. తెర చూపినది కన్ను నిజమని నమ్మును. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటేసియా’ యను చిత్రమున భూమి పుట్టుకనుండి రాక్షసిబల్లుల అంతమువరకు చూపెను. అప్పటి పండితుల సలహా తీసికొనియే చేసెను, చూచినవారు మరువలేదు. అందు టిరనోసారసు అను క్రూరజంతువు స్టెగోసారసుతో పోరాడి చంపును. ఆ రెండింటి నడుమ నిజమునకు ఎనిమిది కోట్ల యేండ్ల యెడమున్నది. టిరనోసారసు చేతికి రెండు వేళ్లయితే బొమ్మలో మూడు వేయించిరి. చివరకు ఆ జంతువులన్నియు ఎండకు, నీటికరవునకు మాడి చచ్చును. భూమిని గ్రహశకలము ఢీకొనుట వలన అవి నశించెనను సిద్ధాంతమును ఆల్వరెజు తండ్రికొడుకులు 1980లో వెలిబుచ్చిరి. దక్కను లావా వెడలగ్రక్కిన వాయువులకు కూడ అందు పాలున్నదని వాదించు పండితులు కలరు. శాస్త్రము ముందుకు నడచెను. బొమ్మ మాత్రము 1940లోనే నిలిచి ఇంకను ఎండలో నడచుచునే యున్నది.

చరిత్ర బొమ్మలలో ఈ ప్రమాదము మరింత హెచ్చు. విజయపురి కట్టడముల పునాదులు, గోడల అడుగుభాగములు దొరకినవి. పైకప్పులు చాలవరకు ఊహ. ఇక్ష్వాకు రాజు కిరీటము ఊహ. అతని రథపు రంగు ఊహ. సినిమావారి బొమ్మ ఈ మూడింటికి బంగారము పూసి చూపును. బడిబొమ్మకు ఆ స్వేచ్ఛ లేదు. త్రవ్వకములో దొరకినదానిని గట్టి గీతతోను, ఊహించినదానిని చుక్కల గీతతోను చూపుమని మా సూచన. ఖర్చు లేని పని. చుక్కల గీతను చూచిన పిల్లవాడు ‘ఇది యెట్లు తెలిసినది?’ అని అడుగును. ఆ ప్రశ్న పుట్టినచోట చరిత్రపాఠము మొదలైనదన్నమాట.

నారాయణపేట జిల్లా కృష్ణయొడ్డున ముడుమాలు నిలువురాళ్లు ఇందుకు మంచి యుదాహరణము. 2025లో వానిని మన దేశము యునెస్కో తాత్కాలికపు జాబితాకు ఎక్కించినది. మనిషికి రెండింతలు ఎత్తుగల రాళ్లు బారులు తీరి నిలిచియున్నవి. అవి బృహచ్ఛిలాయుగమువారివి. కొన్ని వరుసలు అయనాంతముల దినములలో సూర్యుడు ఉదయించు, అస్తమించు దిక్కులతో సరిపోవుచున్నవనియు, ఒక రాతిమీది గుంటలు సప్తర్షిమండలమును పోలియున్నవనియు పరిశోధకులు చెప్పుచున్నారు. సూర్యుడు సంవత్సరము పొడవున దిక్చక్రము వెంట ఉత్తరమునకు, దక్షిణమునకు జరుగుటను నిమిషములో బొమ్మకట్టి చూపవచ్చును. భూమి యిరుసు వాలుట యనగానేమో అప్పుడు తెలియును. ఆ రాళ్లు నిలిపినవారి మనస్సులో ఏమున్నదన్నది మాత్రము చుక్కల గీత. ఇట్టిచోట చరిత్రయు భూశాస్త్రమును రెండు వేరు పాఠములు కావు.

రాజులను మాత్రమే కదలించుటయు తగదు. గద్వాల సీమ ఇటిక్యాలపాడునకు చెంది, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు ఆడిరి, ఏ పన్ను కట్టిరి అనునది చరిత్ర యని చూపిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. బొమ్మలు చేయువారు యుద్ధములను వదలి ఆ దారిని పట్టినచో పిల్లలకు ఎంతయో చూపవచ్చును: గొలుసుచెరువు ఎట్లు నిండి పొర్లి తరువాతి చెరువును నింపును, మోటబావి నుండి నీరెట్లు పైకి వచ్చును, గానుగ యెట్లు తిరుగును. వెట్టిని కూడ చూపవలెను. 1946 జూలై 4వ తేదీన, నాడు నల్లగొండ జిల్లాలో నుండిన కడివెండియందు దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు కూలెను. తరువాతి అయిదేండ్ల చరిత్ర ఈ జిల్లా ఊళ్లన్నిటిది. మా చదువరులలో భూవసతిగల కుటుంబములవారు పెక్కండ్రు. తాతలనాటి సంగతి తెరమీద కనబడుట కొందరికి కష్టముగా దోచవచ్చును. కాని వెట్టి చేసినవాని మనుమడును, చేయించినవాని మనుమడును నేడు ఒక్క బల్లపై కూర్చుండి చదువుచున్నారు. ఒకనికి ఇంటిలో చెప్పిన కథ వేరు, మరియొకనికి చెప్పినది వేరు. బడి చెప్పవలసినది పత్రములనుబట్టి తేలిన కథను. అది లేనియెడల ఆ చోటును సినిమా నింపును.

భాష విషయమై రెండు మాటలు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రాథమికవిద్య నభ్యసించినది భువనగిరిలో. వారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగున ప్రకటించుటకు పుట్టినది. తెలుగున శాస్త్రము పలుకదను వాదమునకు నూరేండ్ల క్రిందటనే బదులు దొరకినది. నేడు తెరమీద వినబడు తెలుగు ఆ తెలుగు కాదు, ఊరి తెలుగును కాదు. ఆంగ్లవాక్యమునకు తెలుగు తొడుగు. చెలక, దుబ్బ, మొరము, చౌడు, నల్లరేగడి అను మాటలు పిల్లవానికి తల్లిపాలతో వచ్చినవి. వాటినుండి మొదలిడి, అవసరమైనచోట పారిభాషికపదమును చేర్చవలెను. పిల్లవాడు ‘మొరము’ అని చెప్పినప్పుడు తప్పని కొట్టివేసి ‘శిథిలశిల’ అని వ్రాయించుట మేము మెచ్చము.

ఇంత చెప్పి, మొదట ఏ బొమ్మ చేయవలెనో చెప్పకపోవుట న్యాయము కాదు. మా మతమున అది మర్రిగూడ వైపు బోరునీటి కథ కావలెను.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి మొదలగు మండలములలో నీటియందలి ఫ్లోరైడు చేసిన చేటు లోకమెరిగినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదన్నారు. ఇచటి బోర్లు పెక్కు దానిని ఎన్నడో దాటినవి. పండ్లు పసుపుబారినవి, వెన్నులు వంగినవి. పటిక, సున్నము, విరంజనచూర్ణము వేసి ఫ్లోరైడును దింపు పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు రూపొందించి దానికి ‘నల్లగొండ విధానము’ అని పేరు పెట్టిరి. జిల్లాకు వచ్చిన కీర్తి యిట్టిది. 2015 జూన్‌లో చౌటుప్పలున పైలాను ఆవిష్కరించి మొదలిడిన పథకము వలన, తరువాత భగీరథ యను పేర, కృష్ణనీరు ఇండ్లకు చేరెను. వంగిన ఎముక మాత్రము మరల చక్కబడదు. పొలమునకు, పశువునకు బోరునీరు ఇంకను తప్పలేదు.

బోరు వేయించిన ప్రతి రైతు ఎరిగిన సంగతి, నీరు రాతి బీటలో దొరకుననునది. నూరడుగులకు దొరకకున్న మున్నూరు, మున్నూరునకు దొరకకున్న ఆరునూరు. ఆ లోతులలో ఏమి జరుగుచున్నదో మాత్రము ఎవరును చూచినది లేదు. బొమ్మ ఆ వానచుక్కను పట్టుకొని దిగవలెను. చెలకలో ఇంకుట, మొరము దాటుట, బండ బీటలో చొచ్చుట. అక్కడ దానికి తొందర లేదు. ఏండ్లు, ఒక్కొక్కచోట తరములు. రాతిలోని నల్లని అభ్రకమునుండి, ఫ్లోరైటు, అపటైటు మున్నగు ఖనిజములనుండి ఫ్లోరైడు అణువులు ఒక్కటొక్కటిగా ఊడి నీటిలోనికి చేరుట. నీటిలో సున్నపుపాలు ఎక్కువైన ఫ్లోరైడు దానితో కూడి అడుగునకు దిగును; ఇచటి నీటిలో ఆ పాలు తక్కువ, క్షారము ఎక్కువ, కాబట్టి ఫ్లోరైడు నీటిలోనే నిలుచును. అంతలో పైనుండి ఉక్కుగొట్టము దిగును. పాతనీరు పైకి వచ్చును. బిందెలోనికి, గ్లాసులోనికి, ఎదుగుచున్న ఎముకలోనికి.

పాఠము పది నిమిషములు మించనక్కరలేదు. మూడుచోట్ల దానంతట అదే ఆగునట్లు చేయవలెను, పంతులు మరచినను. అటుపిమ్మట తెరను ఆర్పివేసి, కిటికీలు తెరచి, పిల్లలు తమ తమ ఇండ్లనుండి, చేలనుండి సీసాలతో తెచ్చిన నీటిని బల్లమీద వరుసగా గ్లాసులలో పోయించవలెను. ఫ్లోరైడును కనిపెట్టు ద్రావకము చిన్న బుడ్డిలో వచ్చును. మంచినీటిలో గులాబిరంగున నిలిచి, ఫ్లోరైడు హెచ్చినకొలది పసుపునకు తిరుగును. చుక్కలు వేసినంతనే పసుపు తిరిగిన గ్లాసు ఎవరి బోరుదో పిల్లలే బడిగోడ మీది ఊరిపటములో గుర్తు పెట్టుదురు.